లెక్కలో ఉన్న గ్రహం ఆకాశంలో ఉందా?

(గ్రంథాలయ హాల్లో జరిగిన సైన్స్ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

"తొమ్మిదో గ్రహం దొరికిందట కదా మాస్టారూ" అని లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గరే ఇద్దరు ముగ్గురు అడిగారు. దొరకలేదండీ. ఇవాళ్టి దాకా దొరకలేదు. యూట్యూబులో థంబ్‌నెయిల్ చూసి ఆశపడి వచ్చినవాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళినా నేనేమీ అనుకోను. (నవ్వులు) దొరకని గ్రహం గురించి గంటసేపు ఏం చెబుతావయ్యా అంటారా, చెప్పడానికి చాలానే ఉంది. దాన్ని ఎందుకు వెతుకుతున్నారో, ఏ ఆధారంతో వెతుకుతున్నారో, ఆ ఆధారం ఎంత గట్టిదో, అదీ ఇవాళ్టి విషయం.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. 2012 డిసెంబరులో యుగాంతం అని, నిబిరు అనే గ్రహం వచ్చి భూమిని గుద్దేస్తుందని మన టీవీ చానెళ్ళు రోజుల తరబడి ఊదరగొట్టాయి. చిన్నపిల్లలు భయపడి అన్నం మానేశారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇవాళ మనం మాట్లాడుకునే గ్రహం ఉంటే గింటే, సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చిన రోజున కూడా నెప్ట్యూన్‌కి ఎనిమిది పది రెట్ల దూరంలో ఉంటుంది. ఎవరి జోలికీ రాదు.

దూరాలు చెప్పుకోవడానికి ఒక కొలత పెట్టుకుందాం. సూర్యుడి నుంచి భూమికి సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. దాన్ని ఆస్ట్రనామికల్ యూనిట్ అంటారు, మనం ఒక యూనిట్ అనుకుందాం. శని తొమ్మిదిన్నర యూనిట్ల దూరంలో ఉంది. యురేనస్ 19, నెప్ట్యూన్ 30. 1977లో బయలుదేరి ఆగకుండా పోతున్న వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక ఇప్పటికి చేరింది 170 యూనిట్ల దరిదాపులకు. మనం వెతికే గ్రహం సగటున 400 నుంచి 800 యూనిట్ల మధ్య ఎక్కడో ఉండొచ్చని అంచనా. 500 దగ్గర ఉందనుకుంటే, సూర్యుడి వెలుగు అక్కడికి చేరడానికే దాదాపు మూడు రోజులు పడుతుంది.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. 1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్ ఊళ్ళో విలియం హెర్షెల్ అనే సంగీతకారుడు, సొంతంగా తయారుచేసుకున్న టెలిస్కోపుతో యురేనస్‌ని చూశాడు. ముందు తోకచుక్క అనుకున్నాడు. తర్వాత గ్రహమని తేలింది. తేలాక పాత రికార్డులు తిరగేస్తే తమాషా బయటపడింది. 1690లోనే ఫ్లామ్‌స్టీడ్ అనే ఆయన దాన్ని చూసి, నక్షత్రం అనుకుని తన జాబితాలో రాసుకున్నాడు! అలాంటి పాత నమోదులు, కొత్త నమోదులు అన్నీ కలిపి 1821లో బువార్ అనే ఫ్రెంచి ఆయన కక్ష్య లెక్క కట్టబోతే, లెక్క కుదరలేదు. పాతవాటికి సరిపెడితే కొత్తవి తప్పుతున్నాయి, కొత్తవాటికి సరిపెడితే పాతవి. ఏళ్ళు గడిచేకొద్దీ యురేనస్ లెక్కలో చెప్పిన చోటు నుంచి ఇంకా పక్కకు జరుగుతోంది.

అంటే ఏమిటి? అంత దూరాన న్యూటన్ సూత్రం పనిచేయడం లేదా, లేక కనబడనిది ఏదో దాన్ని లాగుతోందా? పారిస్‌లో లెవెరియే, ఇంగ్లండులో ఆడమ్స్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా రెండో దారి పట్టారు. గ్రహం ఎక్కడుందో తెలిస్తే దాని లాగుడు ఎంతో లెక్కకట్టడం మామూలు పని. వీళ్ళు లాగుడు చూసి గ్రహం ఎక్కడుందో చెప్పాలి. కంప్యూటరు లేదు, కాలిక్యులేటరు లేదు, కాగితాల కట్టలే.

లెవెరియే లెక్క పూర్తిచేసి బెర్లిన్ అబ్జర్వేటరీలోని గాలేకి ఉత్తరం రాశాడు. ఉత్తరం 1846 సెప్టెంబరు 23న చేరింది. ఆ రాత్రే గాలే టెలిస్కోపు తిప్పాడు. పక్కన డారెస్ట్ అనే విద్యార్థి ఉన్నాడు. నక్షత్రాల గుంపులో గ్రహాన్ని గుర్తుపట్టడం ఎలా? ఆకాశంలో ఆ ముక్కకి కొత్తగా అచ్చయిన మ్యాపు ఉంది కదా, దాంతో పోల్చి చూద్దాం అన్నాడు ఆ కుర్రవాడు. గాలే టెలిస్కోపులో కనబడిన నక్షత్రాలు ఒక్కొక్కటి చదువుతుంటే డారెస్ట్ మ్యాపులో చూస్తున్నాడు. కాసేపటికి, "ఆ నక్షత్రం మ్యాపులో లేదు" అన్నాడు. అదే నెప్ట్యూన్. లెవెరియే చెప్పిన చోటికి ఒక డిగ్రీ కూడా తేడా లేదు. చెయ్యి చాచి చిటికెన వేలు చూస్తే ఆ వెడల్పు సుమారు ఒక డిగ్రీ ఉంటుంది, అంతే.

ఇంగ్లండులో సంగతి వినండి. కేంబ్రిడ్జిలో ఛాలిస్ అనే ఆయన ఆడమ్స్ లెక్కను బట్టి జులై ఆఖర్లోనే వెతకడం మొదలుపెట్టాడు. ఆగస్టు 4న, 12న నెప్ట్యూన్ ఆయన టెలిస్కోపులో పడింది కూడా. నమోదు చేసుకున్నాడు, కానీ పోల్చి చూసుకోలేదు. బెర్లిన్ మ్యాపు ఆయన దగ్గర లేదు. కదిలేదాన్ని పట్టుకోవాలంటే కదలనివన్నీ ఎక్కడెక్కడున్నాయో ముందు రాసిపెట్టుకుని ఉండాలి. ఆకాశం మ్యాపులు తయారుచేసే పని అందుకే అంత ముఖ్యం. తర్వాతి కాలంలో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచాయి. అందులో ఒక పట్టీ, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా, మన హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ చేసింది. బేగంపేట వైపు వెళ్ళినప్పుడు ఆ సంగతి ఎంతమందికి గుర్తొస్తుందో మరి. ఇప్పుడు ఆ పక్కన ట్రాఫిక్కే కనబడుతుంది.

నెప్ట్యూన్ కథ అందరూ చెబుతారు. చెప్పనిది ఒకటుంది. లెవెరియే, ఆడమ్స్ ఇద్దరూ దిక్కు సరిగ్గా చెప్పారు గాని దూరం తప్పు చెప్పారు. ఆ గ్రహం 36 యూనిట్ల పైనే ఉంటుందనుకున్నారు, ఉన్నది 30 దగ్గర. ఆ రోజుల్లో రెండు గ్రహాలూ ఆకాశంలో దగ్గరదగ్గరగా ఉండటం వాళ్ళకు కలిసొచ్చింది.

లెవెరియేకి పేరు వచ్చింది. పేరుతో పాటు ధైర్యమూ వచ్చింది. బుధుడి కక్ష్యలో కూడా చిన్న తేడా ఉంది, వంద సంవత్సరాలకు 43 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 1859లో ఆయన మళ్ళీ అదే మందు వాడాడు. బుధుడి కన్నా లోపల ఇంకేదో తిరుగుతోంది అన్నాడు. వెంటనే ఒక పల్లెటూరి డాక్టరు చూశానన్నాడు. వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. తర్వాత యాభై ఏళ్ళు గ్రహణం వచ్చినప్పుడల్లా వెతికారు. 1915లో ఐన్‌స్టీన్ ఆ 43 సెకన్లను కొత్త గురుత్వ సిద్ధాంతంతో సరిగ్గా రాబట్టాడు. వల్కన్ లేదు. అదే మనిషి, అదే పద్ధతి, అదే నమ్మకం. ఒకసారి గ్రహం దొరికింది, ఇంకోసారి న్యూటన్ సిద్ధాంతమే చాలలేదని తేలింది.

మూడోది ప్లూటో. పెర్సివల్ లోవెల్ అని బోస్టన్ ధనవంతుడు, అంగారకుడి మీద కాలువలున్నాయని నమ్మినాయన. అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర సొంత అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. యురేనస్ లెక్కలో ఇంకా కొంచెం తేడా మిగిలి ఉందని, నెప్ట్యూన్ అవతల భూమికి ఏడు రెట్ల బరువున్న గ్రహం ఉండాలని లెక్కకట్టి, దానికి ప్లానెట్ ఎక్స్ అని పేరుపెట్టి, వెతుకుతూనే 1916లో పోయాడు. 1929లో ఆ అబ్జర్వేటరీవాళ్ళు క్లైడ్ టాంబో అనే 22 ఏళ్ళ రైతుబిడ్డను పనిలో పెట్టుకున్నారు. ఒకే చోట కొన్ని రోజుల తేడాతో రెండు ఫొటోలు తీసి, యంత్రంలో పెట్టి, ఇదీ అదీ ఇదీ అదీ అని మార్చి మార్చి చూడటమే ఆ కుర్రవాడి పని. ఒక్కో ప్లేటు మీద లక్షల నక్షత్రాలు. 1930 ఫిబ్రవరి 18న ఒక చుక్క జరిగింది.

అందరూ లోవెల్ లెక్క నిజమైందన్నారు. కానీ ఆ చుక్క చాలా మసకగా ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ ప్లూటో బరువు అంచనా తగ్గుతూ వచ్చింది. 1978లో దాని ఉపగ్రహం షారన్ కనబడ్డాక అసలు బరువు తేలింది. భూమిలో సుమారు అయిదు వందలో వంతు! మన చంద్రుడి కన్నా తక్కువ. అది యురేనస్‌ని ఏం లాగుతుంది? మరి ఆ తేడా ఎక్కడిది? 1989లో వాయేజర్-2 నెప్ట్యూన్ పక్కనుంచి వెళ్ళినప్పుడు, నెప్ట్యూన్ బరువు మనం వాడుతున్నదాని కన్నా అర శాతం తక్కువని తెలిసింది. 1993లో స్టాండిష్ అనే శాస్త్రవేత్త కొత్త బరువు పెట్టి మళ్ళీ లెక్క చేస్తే తేడా మాయమైపోయింది. లోవెల్ వెతికిన గ్రహం ఎన్నడూ లేదు. ప్లూటో దొరికింది టాంబో ఓపిక వల్ల.

కాబట్టి, లెక్కలో తేడా వచ్చినప్పుడు అది ఆకాశంలో ఉన్న తేడానా, మన సిద్ధాంతంలో తేడానా, మన కొలతలో తేడానా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఇప్పటి కథ వినండి.

1992లో హవాయిలో డేవిడ్ జూయిట్, జేన్ లూ ప్లూటో అవతల ఇంకో చిన్న వస్తువును కనిపెట్టారు. ఆ తర్వాత అలాంటివి వేలల్లో బయటపడ్డాయి. అదే కైపర్ బెల్ట్. 2003లో మైక్ బ్రౌన్, ట్రుహిల్లో, రబినోవిట్జ్ సెడ్నాను కనిపెట్టారు. అందరూ ఉలిక్కిపడ్డది దానితోనే. సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చినా 76 యూనిట్ల దగ్గరే ఆగిపోతుంది, దూరం వెళితే 900 దాటుతుంది. ఒక చుట్టుకు సుమారు 11 వేల ఏళ్ళు. ఇంత సాగిపోయిన కక్ష్య ఎలా వచ్చింది? మామూలుగా నెప్ట్యూన్ దగ్గరకు వెళ్ళిన చిన్న వస్తువులను అది విసిరేస్తుంది. విసిరేస్తే దూరం పోతాయి, కానీ ప్రతి చుట్టులో మళ్ళీ విసిరిన చోటి దగ్గరకే తిరిగొస్తాయి. సెడ్నా నెప్ట్యూన్ దరిదాపులకే రాదు. అంటే మధ్యలో ఇంకెవరో దాన్ని పట్టి ఇవతలికి రాకుండా లాగారు. ఎవరు? సూర్యుడు పుట్టిన కొత్తల్లో పక్కనుంచి పోయిన నక్షత్రమా? కనబడని గ్రహమా? 2014లో అలాంటిదే రెండోది బయటపడింది, 2012 వీపీ113 అని. దానికి దగ్గరి దూరం 80.

2016 జనవరిలో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన కాన్‌స్టాంటిన్ బాటిగిన్, మైక్ బ్రౌన్ ఒక పేపరు వేశారు. బాగా దూరపు కక్ష్యలున్న ఆరు వస్తువులను తీసుకున్నారు. ఆరూ సూర్యుడికి దగ్గరగా వచ్చేది దాదాపు ఒకే దిక్కున. కక్ష్యల వంపు కూడా ఇంచుమించు ఒకే తీరు. ఇది కాకతాళీయంగా జరిగే అవకాశం 0.007 శాతమే అన్నారు. పోనీ ఎప్పుడో ఒకప్పుడు వరుసలో పడ్డాయనుకున్నా, పెద్ద గ్రహాల లాగుడుకి ఆ కక్ష్యలు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో తిరిగి కోట్ల ఏళ్ళలో చెల్లాచెదురైపోవాలి. కాలేదంటే ఇప్పటికీ ఎవరో కాపలా కాస్తున్నట్టే. భూమికి పది రెట్ల బరువున్న గ్రహం ఒకటి వీటికి ఎదురు దిక్కున సాగిన కక్ష్యలో తిరుగుతోందనుకుంటే లెక్క సరిపోతుంది. తర్వాత ఆ బరువును అయిదు నుంచి పది రెట్లకు సవరించారు. నిలువుగా లేచిన కక్ష్యలున్న వస్తువులు కూడా ఉండాలని ఆ నమూనా చెప్పింది. వెతికితే అలాంటివి అప్పటికే కొన్ని జాబితాలో ఉన్నాయి. సెడ్నా చిక్కుముడి కూడా దాంతోనే విడిపోతుంది. ఒకే దెబ్బకి ఇన్ని సర్దుకుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఇప్పుడు అడ్డు ప్రశ్న. ఆ వస్తువులు నిజంగానే ఒక పక్కకు గుమిగూడాయా, లేక మనం ఆ పక్కే చూశామా?

సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్ గేటు దగ్గర, డివైడరుకు ఒక పక్కనే నిలబడి బండ్లు లెక్కపెట్టారనుకోండి. "బండ్లన్నీ విజయవాడ వైపే పోతున్నాయి" అని రాసుకొస్తారు. మాట నిజమే కావచ్చు, పండగ కదా. కానీ మీ లెక్క మాత్రం దానికి రుజువు కాదు. ఆగస్టులో వెళ్ళి అదే పక్కన నిలబడినా మీకు అదే జవాబు వస్తుంది. (నవ్వులు)

ఈ దూరపు వస్తువుల విషయం అలాంటిదే. వేల ఏళ్ళ కక్ష్యలో సూర్యుడి దగ్గరగా వచ్చిన ఆ కాస్త కాలమే అవి మన టెలిస్కోపులకు ఆనుతాయి. ఆ కాస్తలో అవి ఏ దిక్కున ఉంటే ఆ దిక్కున మనం చూసి ఉండాలి. పాలపుంత ఉన్న వైపు నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆకాశాన్ని జల్లెడపట్టే సర్వేలు ఆ వైపు తప్పుకుంటాయి. కొండ మీద టెలిస్కోపు ఉన్నచోట కొన్ని నెలలు మబ్బులు, ఆ నెలల్లో నడినెత్తిన ఉండే ఆకాశం వదిలేసినట్టే. 2021లో కెవిన్ నేపియర్ బృందం మూడు సర్వేలు ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు చూశాయో లెక్కలోకి తీసుకుని 14 వస్తువులను పరీక్షించింది. అవి అన్ని దిక్కులా సమానంగా పరుచుకున్నాయనుకున్నా ఇలాగే కనబడతాయి అని తేల్చింది. గ్రహం లేదని వాళ్ళు అనలేదు, ఈ ఆధారం చాలదన్నారు. అదే ఏడాది బ్రౌన్, బాటిగిన్ తమ లెక్కలో ఈ పక్షపాతాన్ని తీసేసినా గుంపు నిజమే అనడానికి 99.6 శాతం నమ్మకం ఉందన్నారు. ఇద్దరూ సమర్థులే. వస్తువులు ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఏ నాలుగు తీసుకున్నావు, ఏ నాలుగు వదిలావు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. 2025లో ఇంకో రెండు దూరపు వస్తువుల వివరాలు వచ్చాయి, 2017 ఓఎఫ్201, 2023 కేక్యూ14. రెండూ ఆ గుంపు వరుసలో లేవు.

నా అభిప్రాయం అడిగితే, గుంపు వాదన మీద నాకు నమ్మకం తగ్గింది. సెడ్నా మీద మాత్రం తగ్గలేదు. ఎన్ని సర్వేలు ఎటు చూసినా, దగ్గరి దూరం 76 అన్నది చూపులో పుట్టే తప్పు కాదు. దాన్ని ఎవరో లాగారు. ఆ లాగినవాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారా, ఎప్పుడో వెళ్ళిపోయారా అన్నదే తేలాలి.

సరే, ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు కనబడలేదు? గ్రహానికి సొంత వెలుగు లేదు. సూర్యుడి వెలుగు అక్కడికి వెళ్ళాలి, తగిలి తిరిగి మన దాకా రావాలి. వెళ్ళేటప్పుడు పలచబడుతుంది, వచ్చేటప్పుడు మళ్ళీ పలచబడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు పదహారో వంతు అవుతుంది. నెప్ట్యూన్‌నే తీసుకెళ్ళి ఇరవై రెట్ల దూరంలో, 600 యూనిట్ల దగ్గర పెడితే లక్షా అరవై వేల రెట్లు మసకబారుతుంది. కదలికా అంతంతే. పది వేల ఏళ్ళకు ఒక చుట్టు అంటే, పున్నమి చంద్రుడి వెడల్పంత జరగడానికి పద్నాలుగేళ్ళు. దానికి తోడు, ఆ గ్రహం సూర్యుడికి బాగా దూరంగా ఉండే చోటు రోహిణి, మృగశిర నక్షత్రాల వైపు పడుతుందని అంచనా. ఎక్కువ కాలం గడిపేది అక్కడే, పాలపుంత పోయేదీ ఆ పక్కనుంచే.

వెతకలేదని కాదు. వైజ్ అనే ఉపగ్రహం ఆకాశమంతా పరారుణ కాంతిలో చూసింది. ఆ ఫొటోలు జల్లించి 2014లో కెవిన్ లూమన్ శని అంత గ్రహం 10 వేల యూనిట్ల లోపల లేదని చెప్పాడు. అంటే పెద్దవి లేనట్టే, ఈ మధ్యరకానికే ఇంకా చోటుంది. 2024లో బ్రౌన్ బృందం హవాయిలోని పాన్‌స్టార్స్ సర్వేను కూడా కలుపుకుని, గ్రహం ఉండొచ్చనుకున్న అవకాశాల్లో 78 శాతం చూసేశామని చెప్పింది. 2025లో తైవాన్‌వాళ్ళు 1983 నాటి ఐరాస్ ఉపగ్రహం ఫొటోల్లో కనబడిన చుక్కకు 2006 నాటి అకారి ఉపగ్రహం ఫొటోల్లో జత వెతికి, ఒక్కటి మిగిల్చారు. వార్తాపత్రికలన్నీ గ్రహం దొరికేసినట్టు రాశాయి. రెండే చుక్కలతో కక్ష్య గీయలేం. అది నిజంగా గ్రహమైనా, తాము చెప్పిన కక్ష్యకు అసలు సరిపోదని బ్రౌనే అన్నాడు.

ఇప్పుడు అందరి కళ్ళూ చిలీలోని సెర్రో పచోన్ కొండ మీద ఉన్నాయి. అక్కడి వెరా రూబిన్ అబ్జర్వేటరీ మొదటి ఫొటోలు 2025 జూన్‌లో వచ్చాయి. 8.4 మీటర్ల అద్దం, 3200 మెగాపిక్సెళ్ళ కెమెరా. దక్షిణ ఆకాశం మొత్తాన్ని మూడు నాలుగు రాత్రులకు ఒకసారి చొప్పున పదేళ్ళు ఫొటోలు తీయాలన్నది పథకం. పరీక్షగా తీసిన పది గంటల ఫొటోల్లోనే రెండు వేలకు పైగా కొత్త గ్రహశకలాలు పడ్డాయి. టాంబో చేసిన పనే, కళ్ళకు బదులు ప్రోగ్రాములు చేస్తాయి.

ప్రశ్నలుంటే అడగండి.

(జాతకాల మీద ప్రభావం ఉంటుందా అని ఒకరు అడిగారు.)

దానికి నేను చెప్పగలిగింది తక్కువండీ. యురేనస్ దొరికి 240 ఏళ్ళు దాటింది, నవగ్రహ మంటపంలో ఇంతవరకూ ఎవరూ జరిగి చోటివ్వలేదు. (నవ్వులు)

(అది గ్రహం కాక బ్లాక్ హోల్ కావచ్చని చదివానని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అన్నాడు.)

అవును బాబూ, 2019లో షోల్జ్, అన్విన్ అనే ఇద్దరు అలా రాశారు. విశ్వం పుట్టినప్పటి చిన్న బ్లాక్ హోల్ సూర్యుడికి చిక్కి ఉండొచ్చని. భూమికి అయిదు రెట్ల బరువున్న బ్లాక్ హోల్ అడ్డకొలత తొమ్మిది సెంటీమీటర్లు. ఆ పేపర్లో దాని బొమ్మను అసలు సైజులోనే అచ్చువేశారు, పేజీలో పట్టేసింది. కాదని నిరూపించలేం గాని, అలాంటి బ్లాక్ హోల్ ఒక్కటి కూడా ఇంతవరకూ ఎక్కడా కనబడలేదు. ముందు మామూలు గ్రహాన్ని వెతకనిద్దాం.

(రూబిన్‌కి కూడా దొరక్కపోతే ఏమనుకోవాలి అని పదో తరగతి అమ్మాయి అడిగింది.)

మంచి ప్రశ్నమ్మా. రెండు విషయాలున్నాయి. రూబిన్ ఉన్నది దక్షిణాన, కాబట్టి ఉత్తరపు ఆకాశంలో కొంత భాగం దానికి అందదు. అక్కడ సుబారులాంటి హవాయి టెలిస్కోపులే వెతకాలి. రెండోది, రూబిన్ గ్రహం కోసం మాత్రమే చూడటం లేదు. సెడ్నాలాంటివి ఇంకా ఎన్నో పట్టుకుంటుందని ఆశ. ఏ రాత్రి ఎటు చూసిందో, ఎంత మసకవాటి దాకా చూడగలిగిందో రికార్డంతా ఉంటుంది. అప్పుడు డివైడరుకు రెండు పక్కలా లెక్కపెట్టినట్టు అవుతుంది. వాటి కక్ష్యలు ఒక పక్కకే ఉన్నాయని తేలితే, గ్రహం కనబడకపోయినా ఇంకా వెతకాల్సిందే. అన్ని దిక్కులా సమానంగా ఉన్నాయని తేలితే 2016 నాటి వాదన అక్కడితో సరి. సెడ్నాకి మాత్రం అప్పుడు ఇంకో జవాబు వెతుక్కోవాలి.